పిల్లలకి జలుబు చేస్తే: సిరప్ పోయాలా, రెండు రోజులు చూడాలా?

మా కావలిలో పిలకాయలకి ముక్కు కారితే ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "మెడికల్ షాపులో ఆ యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పొయ్యి" అనేది ఒకటి. "రెండు రోజులు చూద్దాంలే" అనేది ఇంకోటి.

సిరప్ పోస్తే టెన్షన్ తగ్గేది మనకి, బిడ్డకి కాదు. జలుబు, మామూలు దగ్గు చాలావరకు వైరస్‌ల వల్లే వస్తాయి. ఈ మందు పనిచేసేది బ్యాక్టీరియా మీద. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు. నేనూ ఒకసారి పోశాను. జలుబు దాని టైముకే తగ్గింది, విరేచనాలు మాత్రం అదనంగా వచ్చాయి. పైగా డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి అన్నకి రాసిన సీసా తమ్ముడికి పోయకూడదు. షాపులో అడగ్గానే ఇచ్చినా, అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందు డాక్టర్ చీటీతోనే కొనాలి.

చూద్దాం అంటే చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. నీళ్లు, గంజి తాగిస్తూ, జ్వరముంటే బరువు లెక్కన పారాసెటమాల్ వేస్తూ కనిపెట్టుకుని ఉండాలి. రెండేళ్లు దాటిన బిడ్డకి చెవిపోటు కొద్దిగానే ఉంటే, పరీక్ష చేసిన డాక్టర్లే ఒక్కోసారి 48 నుంచి 72 గంటలు ఆగమంటారు.

నా ఓటు రెండోదానికే. కానీ మూడు నెలల్లోపు పసిబిడ్డకి జ్వరమొచ్చినా, ఏ వయసు బిడ్డయినా డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, మత్తుగా పడున్నా ఒక్క పూట కూడా ఆగొద్దు. న్యుమోనియా అయితే అదే యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది. అప్పుడు డాక్టర్ చెప్పినన్ని రోజులూ పోయాల్సిందే, రెండో రోజుకే బిడ్డ ఆటల్లో పడినా సరే.