చాలాకాలం వాడాక పాత చెక్క రసమట్టాలు (స్పిరిట్ లెవెళ్లు): స్టాన్లీ నంబర్ 3, రేబోన్ 9 అంగుళాలది

నా దగ్గర వాడుకలో ఉన్నవి రెండు. ఒకటి అమెరికాలో తయారైన స్టాన్లీ నంబర్ 3, చెర్రీ చెక్కది, 28 అంగుళాలు. రెండోది బర్మింగ్‌హామ్‌లో తయారైన రేబోన్, రోజ్‌వుడ్‌ది, 9 అంగుళాలు. అలమారాలు, తలుపు చట్రాలు, బల్లల పనిలో రెండూ చేతికందే చోటే ఉంటాయి. పక్కనే అల్యూమినియం పెట్టె లెవెల్ (లోపల బోలుగా ఉండే ఇప్పటి రకం) కూడా ఉంది కాబట్టి తేడా పోల్చి చెప్పగలను.

ముందు తీర్పు చెప్పేస్తాను. అడుగుభాగం చదునుగా ఉండి, బుడగ ఉండే గాజు నాళిక బాగుంటే పాత చెక్క రసమట్టం వడ్రంగం పనికి ఇప్పటికీ పూర్తిగా సరిపోతుంది. దాని అసలు విలువ వయసులో లేదు, మళ్లీ మళ్లీ దిద్దుకునే వీలులో ఉంది. అల్యూమినియంది ఒకసారి కిందపడి నాళిక కదిలిందంటే చాలా మోడళ్లలో చేయగలిగింది ఏమీ ఉండదు, పారేయాలి. చెక్కదానికి మరలు విప్పి నాళికను సరిచేయొచ్చు, అడుగు అరిగితే చిత్రిక పట్టొచ్చు. దిద్దే ఓపిక లేనివాళ్లు మాత్రం కొనకపోవడమే మంచిది, ఎందుకంటే పాత సరుకు కొన్నరోజే సరిగ్గా చూపించడం అరుదు.

కొనేముందు చూడాల్సిన మొదటిది నాళిక. లోపలి బుడగ నాళికమీది రెండు గీతల మధ్య ఖాళీ కంటే బాగా పెద్దదైతే లోపలి ద్రవం, అంటే స్పిరిట్, ఆవిరైపోతోందని అర్థం. ఎక్కడో కంటికి కనపడని పగులు ఉంటుంది. అది నయమయ్యేది కాదు, నాళిక మార్చాల్సిందే. ఎండలో బుడగ చిన్నదై, చలిలో పెద్దదైతే అది లోపం కాదు. స్పిరిట్ వేడికి వ్యాకోచిస్తుంది, అంతే. అందుకే బుడగ ఒక కొసను ఒక గీతకు ఆనించి చదవకూడదు. రెండు కొసలూ రెండు గీతల నుంచి సమానదూరంలో ఉన్నాయా అని చూడాలి. మిట్టమధ్యాహ్నం కారు వెనక సీట్లో వదిలేస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది.

రెండోది, నాళిక కదులుతోందా అన్నది. మట్టాన్ని బల్లమీద పెట్టి ఎడమ కొస కొంచెం ఎత్తి మెల్లగా దించండి, బుడగ ఎక్కడ ఆగిందో చూడండి. తర్వాత కుడి కొస ఎత్తి దించండి. రెండుసార్లూ ఒకేచోట ఆగాలి. వేర్వేరు చోట్ల ఆగితే నాళికను పట్టి ఉంచే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పగిలిందన్నమాట, లేదా నాళిక లోపలి గోడ మాసి బుడగ అంటుకుంటోందన్నమాట. మొదటిదానికి మందుంది, రెండోదానికి లేదు.

మూడోది మెలి. అడుగు నిడివి వెంబడి ఉక్కు స్కేలు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే వంగిందో లేదో తెలుస్తుంది గానీ మెలి తిరిగిందో లేదో తెలియదు. దానికి రెండు కొసల దగ్గర అడ్డంగా రెండు సన్నటి సమానమైన బద్దలు పెట్టి, ఒకదాని పైఅంచు మీదుగా రెండోదాన్ని చూడాలి. రెండు అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా కనపడకపోతే మెలి ఉంది. మెలి ఉన్న మట్టాన్ని కాస్త పక్కకు ఒరిగిస్తే చాలు, బుడగ జరిగిపోతుంది. నా అనుభవంలో ఎక్కువమంది ఈ పరీక్ష చేయకుండానే నాళికను నిందిస్తారు.

ఇక అసలు పరీక్ష, తిప్పి చూడడం. బల్ల మట్టంగా ఉండాల్సిన అవసరం లేదు, చదునుగా ఉంటే చాలు. మట్టం రెండు కొసలూ ఎక్కడ ఉన్నాయో పెన్సిలుతో గీసుకోండి. బుడగ మధ్యకు వచ్చేదాకా తక్కువైన కొస కింద మామూలు ప్రింటర్ కాగితాలు ఒక్కొక్కటిగా పెట్టండి. 80 జీఎస్ఎమ్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఇప్పుడు కాగితాలు కదపకుండా మట్టాన్ని కొసకు కొస తిప్పి అవే గీతల మీద పెట్టండి. బుడగ మళ్లీ మధ్యలోనే ఉంటే మట్టం నిజం చెబుతోంది. లేదంటే, దాన్ని మధ్యకు తేవడానికి ఇంకా ఎన్ని కాగితాలు పట్టాయో లెక్కపెట్టండి. అందులో సగమే మట్టం తప్పు. ఉదాహరణకు 28 అంగుళాల దానికి, అంటే 711 మి.మీ.కు, 6 కాగితాలు పడితే తేడా 0.6 మి.మీ., తప్పు 0.3 మి.మీ. మీటరుకు లెక్కేస్తే సుమారు 0.42 మి.మీ. ఇప్పటి మంచి పెట్టె లెవెళ్లకు తయారీదారులు ఇచ్చే హామీ మీటరుకు 0.5 మి.మీ. కాబట్టి ఇది దిద్దకుండానే వాడుకోదగ్గది.

స్టాన్లీ నంబర్ 3 ఇక్కడే మార్కులు కొట్టేస్తుంది. పైన ఇత్తడి రేకు రెండు మరలు విప్పితే కింద నాళిక ఒక లోహపు తొట్టిలో కనపడుతుంది. ఒక కొస దగ్గర దిద్దే మర ఉంటుంది. బుడగ ఎంత తప్పిందో అందులో సగమే వెనక్కి తీసుకురావాలి, పూర్తిగా కాదు. మిగతా సగం బల్ల వాలు. ఒకేచోట పెట్టి బుడగను మధ్యకు తిప్పేసి అయిపోయిందనుకుంటే, బల్ల వాలును మట్టంలోకి ఎక్కించినట్టే. మర పావువంతు తిప్పడం, మళ్లీ కొసకు కొస తిప్పి చూడడం, ఇలా మూడు నాలుగు విడతల్లో కుదురుతుంది. ఇత్తడి మర తల మెత్తన, గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవరే వాడాలి. రేకు మరలు బిగుసుకుపోయి ఉంటే టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ కొసను మర తలమీద కొన్ని సెకన్లు ఆనించి, చల్లారాక విప్పండి. గాజుకు మాత్రం వేడి తగలనివ్వకండి.

రేబోన్‌లో ఆ సదుపాయం లేదు. నాళిక ప్లాస్టర్‌లో కూర్చుని ఉంటుంది. సడలితే పాత ప్లాస్టర్‌ను సన్నటి ఉలితో పొడిపొడిగా తీసి, కొత్తది పలుచగా కలిపి కూర్చోబెట్టాలి. ఇక్కడ తప్పు జరిగేది ఒక్కచోటే. నాళికకు పైవైపు, కిందివైపు ఉంటాయి. పైవైపు లోపలి గోడ కొంచెం విల్లులా ఉంటుంది, బుడగ ఆ విల్లు శిఖరానికే చేరుతుంది. నాళిక పక్కకు తిరిగిపోతే బుడగ మొండికేస్తుంది. తీసేముందే పైవైపు చుక్క పెట్టుకోండి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి, మట్టంగా ఉన్న బల్లమీదే పెట్టి కూర్చోబెట్టినా చిన్న తేడా మిగులుతుంది. ఆ తేడా అడుగును దిద్ది తీయాలి.

అడుగు దిద్దడానికి గాజు పలకమీద 180 నంబరు సాండ్ పేపర్ అంటించి రుద్దడం మొదలుపెట్టేవాళ్లకు క్షేమం. చిత్రిక అలవాటున్నవాళ్లు పదును పెట్టి, అతి సన్నటి పొట్టు లేచేలా ఒక్కో పట్టు పట్టి చూసుకోవచ్చు. అయితే కొసల అడుగున ఇత్తడి రేకులున్న రేబోన్ లాంటివాటిమీద చిత్రిక నడపకూడదు, పదును పోతుంది. ఆకురాయితో రేకును ముందు కాస్త దించి ఆ తర్వాత చెక్కను సరిచేయాలి. అంచులన్నిటికీ ఇత్తడి బిగించినవాటి అడుగును అసలు ముట్టుకోవద్దు.

నిలువు చూసే నాళిక గురించి ఒక మాట. పాతవాటిలో అది సాధారణంగా ఒకవైపే పనిచేస్తుంది, తలకిందులు చేసి సరిచూడడం కుదరదు. చట్రం పక్కన దారానికి కట్టిన గుండు వేలాడదీసి, దారానికీ చట్రానికీ మధ్య దూరం పైనా కిందా కొలిచి, నిలువు అని తేలిన చట్రానికే మట్టాన్ని ఆనించి చూడండి. ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

సున్నితత్వం విషయంలో అంచనాలు అదుపులో ఉండాలి. నాళిక లోపలి విల్లు వంపు వ్యాసార్ధం 2 మీటర్లయితే, మీటరుకు 0.5 మి.మీ. వాలుకు బుడగ 1 మి.మీ. జరుగుతుంది. మెషిన్ బిగించే ఫిట్టర్లు వాడే మట్టాల్లో ఆ వ్యాసార్ధం 100 మీటర్ల దాకా ఉంటుంది. చెక్క మట్టం ఆ పనికి పుట్టలేదు. లేత్ కింద పెట్టి నిరాశపడొద్దు. సిమెంటు పనికీ ఈ రెండూ ఇవ్వకండి. తాపీ పనివాళ్ల కోసం చేసిన చెక్క మట్టాలు వేరు, వాటి అంచులకు లోహపు బద్దలు ఉంటాయి. అమెరికాలో క్రిక్ పేరుతో అవి ఇప్పటికీ తయారవుతున్నాయి.

వాడకంలో నా రెండు మట్టాలూ అల్యూమినియాన్ని ఓడించేది ఒక్కచోట. పాలిష్ చేసిన బల్లమీద, వార్నిష్ పూసిన అలమారామీద చెక్క అడుగు గీత పడనివ్వదు. పనంతా ముగిశాక చివరి సర్దుబాట్లకు చేయి స్టాన్లీ వైపే వెళ్తుంది. 9 అంగుళాల రేబోన్ అలమారా అరల లోపల, సొరుగు పట్టాలమీద ఇమిడిపోతుంది. నీళ్ల గాలి మాత్రం పడదు. కోస్తా ఊళ్లలో వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండాకాలం నడుమ ఒకసారి తిప్పి చూసుకోవాలి. గోడకు నిలబెట్టి ఉంచకూడదు, పడుకోబెట్టాలి లేదా కొస రంధ్రంతో వేలాడదీయాలి.

శుభ్రం చేసేటప్పుడు స్పిరిట్ గుడ్డ పట్టుకోకండి. పాత పూత చాలావరకు లక్క పాలిష్, స్పిరిట్‌కు కరిగి జిగురవుతుంది. తడి పిండేసిన గుడ్డతో తుడిచి, ఆరాక మైనం రుద్దితే చాలు. అడుగుకు అవిసె నూనె పలుచగా పట్టించొచ్చు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి. ఇత్తడి పాలిష్ చెక్క రంధ్రాల్లో తెల్లగా మిగిలిపోతుంది, రేకు విప్పకుండా పూయొద్దు.

ధర సంగతి. అమెరికాలోని తెలుగువాళ్లకు గరాజ్ సేల్స్‌లో, పాత సామాను సంతల్లో మామూలు చెర్రీ స్టాన్లీలు 20 నుంచి 50 డాలర్ల మధ్య దొరుకుతుంటాయి. వాడుకకు అంతకు మించి పెట్టనక్కర్లేదు. మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌కు చెందిన స్ట్రాటన్ బ్రదర్స్ చేసిన, ఇత్తడి అంచులున్న రోజ్‌వుడ్ మట్టాలు వేరే లోకం. వాటి ధర వందల డాలర్లలో మొదలవుతుంది, పొట్టివైతే ఇంకా ఎక్కువ. అలాంటిది దొరికితే చిత్రిక గానీ సాండ్ పేపర్ గానీ దగ్గరకు రానివ్వకండి. అసలు పూత, అసలు నాళిక పోతే సేకరించేవాళ్ల దృష్టిలో విలువ సగానికి పైగా పోతుంది. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1857లో అమెరికాలోని న్యూ బ్రిటన్‌లో మొదలై 1920లో స్టాన్లీ వర్క్స్‌లో కలిసింది. ముద్రలో గుండె బొమ్మ, అందులో ఎస్.డబ్ల్యు. అక్షరాలు కనిపిస్తే అది ఆ కలయిక నాటిది, 1930ల మధ్య దాకా సాగింది. ముద్ర అందంగా ఉందని రేటు పెంచేస్తారు. మట్టం చూపించే కచ్చితత్వం మాత్రం దానివల్ల మెరుగుపడదు.

రోజ్‌వుడ్ కొని దేశం దాటించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన ఇరుగుడు సహా, రోజ్‌వుడ్ ఇచ్చే డాల్బర్జియా జాతులన్నీ 2017 నుంచి సైటీస్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) కింద నియంత్రణలో ఉన్నాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌పై 1992 నుంచే మరింత కఠినమైన ఆంక్షలున్నాయి. కొరియర్‌కు ఇచ్చేముందే ఏ కలపో తేల్చుకుని నిబంధనలు చూసుకోండి. చెర్రీ, మహాగని, బీచ్ మట్టాల్లో వాడుకకు తక్కువేమీ లేదు. మొదటిసారి కొనేవాళ్లు దిద్దే మర ఉన్న 24 నుంచి 30 అంగుళాల చెర్రీదానితోనే మొదలుపెట్టండి.