ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్: రంగు కాదు, అంకె చూడండి

మా చెల్లెను కోనసీమలో ఇచ్చాం. గోదావరి వైనతేయ పాయ పక్కన లంక ఊరు, ఏటిగట్టుకు లోపలివైపు. జూలై వచ్చిందంటే హన్మకొండలో మా అమ్మకు టెన్షన్ మొదలు. టీవీలో ఒకడు ఊళ్లు మునిగాయంటాడు, ఇంకొకడు వరద తగ్గుముఖం అంటాడు. ఆ గోల పడలేక ఈ యాప్ వేసుకున్నాను. కేంద్ర జల సంఘం వాళ్లది, 2023 ఆగస్టులో తెచ్చారు. పైసా ఖర్చు లేదు.

మ్యాప్‌లో స్టేషన్ నొక్కితే ఇప్పటి నీటిమట్టం, హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం, ఇదివరకటి గరిష్ఠ మట్టం కనిపిస్తాయి. నేను కాళేశ్వరం నుంచి కిందికి చూసుకుంటూ పోతాను. ప్రాణహిత జోరు అక్కడ తెలుస్తుంది, ఇంద్రావతి కలిసిన లెక్క ఏటూరునాగారంలో తేలుతుంది. ఆ తర్వాత భద్రాచలం. అక్కడి నీళ్లు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు. గొడ్లను గట్టెక్కించడానికి, మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని పడవ ఎక్కించడానికి చెల్లె వాళ్లకు దొరికే టైమ్ అదే.

ఇక చిక్కు రంగులతో. పసుపు అంటే హెచ్చరిక మట్టం దాటింది, నారింజ అంటే ప్రమాద మట్టం దాటింది. ఎరుపు రావాలంటే మాత్రం పాత రికార్డు బద్దలవ్వాలి. భద్రాచలంలో ఆ రికార్డు 1986 నాటి 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది, అక్కడ ప్రమాద మట్టమైన మూడో హెచ్చరిక 53 అడుగులకే. అంత వరద కూడా ఈ లెక్కన నారింజే! ఎరుపు రాలేదు కదా అని కూర్చుంటే లంకల్లో ఇంకేమీ మిగలదు. మా చెల్లె ఒకటే మాట అంటుంది: "రంగుల సంగతి వదిలెయ్ అన్నా, ధవళేశ్వరంలో ఎంతుందో చెప్పు." అక్కడ మొదటి హెచ్చరిక 11.75 అడుగులు. ఏ అంకెకు తమ కాజ్‌వే మునుగుతుందో, ఏ అంకెకు వాకిట్లోకి నీళ్లొస్తాయో వాళ్ల ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతి ఏ యాప్‌లోనూ ఉండదు.

ఇంకో తిరకాసు. యాప్‌లో మీటర్లు, అదీ సముద్రమట్టం నుంచి. భద్రాచలం ప్రమాద మట్టం 48.77 అని ఉంటుంది. అడుగుల్లోకి మారిస్తే 160. అందులోంచి అక్కడి కొలబద్ద సున్నా ఉన్న ఎత్తు 107 తీసేస్తే మనం వార్తల్లో వినే 53 వస్తుంది. ఇది భద్రాచలానికే, వేరే చోట ఈ 107 పనికిరాదు. వచ్చిన కొత్తలో ఇంగ్లిష్, హిందీల్లోనే ఇచ్చారు. గోదావరి గట్టు మీది రైతుకు తెలుగులో, అడుగుల్లో చెప్పాలి కదా!

మన వరంగల్ వైపు దీని మీద ఆశ పెట్టుకోకండి. ఇది పెద్ద నదులకు, జలాశయాలకు చేసింది. 2023 జూలై 27న మోరంచపల్లిని ముంచింది గోదావరి కాదు, మోరంచవాగు. ఆ వానలకే భద్రకాళి చెరువు కట్ట కూడా తెగింది. వాగులు, చెరువులు, నాలాలు గంటల్లో పొంగుతాయి.

లంకల్లో చుట్టాలున్నవాళ్లకైతే నాలుగు స్టార్లు. హన్మకొండలో నాలా పక్కన ఇల్లు అద్దెకు చూస్తున్నవాళ్లు మాత్రం ఫోన్ జేబులో పెట్టి, గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తులో ఉందో చూసుకుని అడ్వాన్స్ ఇవ్వండి.