పట్టుకోవడమా, మట్టుబెట్టడమా: ఏది మేలు?

ఏళ్ల తరబడి వెతుకుతున్న ఉగ్రవాద అనుమానితుడి ఆచూకీ దొరికింది. తెల్లవారేలోగా మట్టుబెట్టాలా, సంకెళ్లు వేసి బోనెక్కించాలా?

మట్టుబెట్టడమంటే అందరికీ గుర్తొచ్చేది పాకిస్తాన్‌లోని అబోటాబాద్. బిన్ లాడెన్ అక్కడ దాదాపు ఐదేళ్లు దాక్కున్నాడు. అంత పెద్ద ఇంటికి ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు. చెత్త కూడా బయటపడకుండా లోపలే తగలబెట్టేవారు. ఎత్తైన ప్రహరీ లోపల ఎవరో రోజూ పచార్లు చేయడం ఉపగ్రహాల కంటికి ఆనేది, ముఖం మాత్రం ఎన్నడూ తెలియలేదు. చివరికి అతడి ఉత్తరాలు మోసేవాడి వెంటపడితే ఆ గుమ్మం దొరికింది. 2011 మే 2న అమెరికా కమాండోలు సుమారు 40 నిమిషాల్లో పని ముగించి, శవాన్ని సముద్రంలో కలిపేశారు. కంప్యూటర్లు, కాగితాలు మోసుకుపోయారు సరే, పాకిస్తాన్ మిలిటరీ అకాడమీకి అంత దగ్గరలో అన్నేళ్లు ఎలా ఉన్నావని అడగడానికి మనిషే మిగల్లేదు.

అలాగని ప్రాణాలతో పట్టుకుంటే చాలదు. అమెరికాపై సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్ 2003 మార్చి 1న రావల్పిండిలో దొరికాడు. ఆ నెలలోనే సీఐఏ అతడిపై నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసే చిత్రహింసను 183 సార్లు ప్రయోగించింది. ఇక ఆ తర్వాత చెప్పిన మాటలు సాక్ష్యానికి పనికొస్తాయా రావా అన్న వాదనలతోనే అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలో ఏళ్లు గడిచిపోయాయి.

పట్టుకుని మామూలు కోర్టులో విచారించే మూడో దారి చూడటానికి హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ చాలు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం 107 బస్టాపు వద్ద, ఏ-1 మిర్చి సెంటర్ వద్ద సైకిళ్లకు కట్టిన బాంబులు పేలాయి. అదే ఏడాది ఆగస్టులో ఇండియన్ ముజాహిదీన్ ఉగ్రవాద ముఠాకు చెందిన యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దులో పట్టుబడ్డాడు. 2016 డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ప్రత్యేక కోర్టు అతడితో సహా ఐదుగురికి మరణశిక్ష విధించింది. తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. పన్నెండేళ్లు! అయినవాళ్లను పోగొట్టుకున్నవారు విసిగిపోయారంటే తప్పుపట్టలేను. పైగా మొదటి నిందితుడు రియాజ్ భత్కల్ దొరకనేలేదు.

అయినా నా మొగ్గు ఇటే. ఎందుకంటే ఇదే నగరంలో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు ఎందరో ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కోర్టులో వారిపై నేరం నిలబడలేదు. తర్వాత ప్రభుత్వమే పరిహారం చెల్లించింది. ఆ కుర్రాళ్ల సంగతి కూడా ఏ రాత్రో తేల్చేసి ఉంటే, ఆ చెక్కులు ఎవరి చేతిలో పెట్టేవారు?