ట్రాక్ ఉన్న స్టెయిర్ చైర్‌తో రెండేళ్లు

అంబులెన్స్‌లో ఎమర్జెన్సీ టెక్నీషియన్‌గా పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు పేషెంట్లని మెట్ల మీద నుంచి చేతులతోనే మోసి దింపాం. దుప్పట్లో పడుకోబెట్టి, లేదంటే ఆ ఇంట్లో ఏ కుర్చీ దొరికితే దాంట్లో కూర్చోబెట్టి. రెండేళ్ల కింద మా బండికి ట్రాక్ ఉన్న స్టెయిర్ చైర్ వచ్చింది, అంటే పేషెంట్‌ని కూర్చోబెట్టి, మోయకుండా మెట్ల మీద జరుపుతూ దింపే కుర్చీ. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం, ఉండి కూడా బండిలో ఓ మూలన పడేసిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ కంపెనీది అన్నది చెప్పను. ఈ రకం కుర్చీలన్నీ పనిచేసే తీరు చాలావరకు ఒకటే.

చూడటానికి చక్రాలున్న మడత కుర్చీ. దాని వీపుకి రెండు పొడవాటి పట్టాలు, ఒక్కో పట్టా చుట్టూ రబ్బరు బెల్టు. మెట్ల దగ్గరికి రాగానే పట్టాలు తెరిచి, కుర్చీని వెనక్కి వాలిస్తే బెల్టులు మెట్ల అంచుల మీద ఆనుతాయి. మోటారు లేదు. బెల్టు సులువుగా తిరగదు, అదే దీనికి బ్రేకు. లావుపాటి మనిషి కూర్చుంటే జారిపోతుందేమో అని మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. కానీ బరువు పెరిగేకొద్దీ బెల్టు పట్టు కూడా పెరుగుతుంది. మా కుర్చీ మీద రాసి ఉన్న పరిమితి 227 కిలోలు.

ఇది నాకెందుకు ఇంత ముఖ్యమో చెప్పాలి. నాలుగేళ్ల కింద ఒక పేషెంట్‌ని మోసి దింపుతూ మెట్ల మలుపు దగ్గర కింది వైపు నేను పట్టుకున్నాను. మెట్ల మీద మోసేటప్పుడు బరువులో ఎక్కువ భాగం కింద ఉన్న మనిషి మీదే పడుతుంది. నడుములో ఏదో పట్టేసినట్టయింది. పేషెంట్‌ని బండి ఎక్కించాక నేను ఎక్కలేకపోయాను. డిస్క్ జారిందన్నారు, రెండు నెలలు సెలవు. పేషెంట్‌ని చేత్తో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద 16 కిలోలకు మించి బరువు పడకూడదని అమెరికాలో పనిచేసే వాళ్ల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్‌కి చెందిన పరిశోధకుడు ఒకరు 2007లోనే లెక్క కట్టి చెప్పారు. మామూలు పెట్టెలకైతే అనుకూలమైన పరిస్థితుల్లో 23 కిలోల దాకా ఫరవాలేదు. మనిషి పెట్టె కాదు, కదులుతాడు, ఒరుగుతాడు, అందుకే ఆ తేడా. ఎనభై కిలోల మనిషిని ఇద్దరం మోసిన రోజులు తలుచుకుంటే ఆ లెక్కకి ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

ఇక ఆయాసం కేసులు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన వాళ్లని పడుకోబెడితే ఊపిరి ఆడదు, నడిపిస్తే గుండె మీద ఇంకా భారం. అలాంటి వాళ్లని కూర్చోబెట్టే కిందికి తేగలగడం ఈ కుర్చీ చేసిన అతి పెద్ద మేలు. గుండెనొప్పి అంటూనే "నేను నడుస్తానమ్మా" అనే పెద్దవాళ్లకి ఇప్పుడు ధైర్యంగా వద్దని చెప్పగలుగుతున్నాను.

అలాంటి ఒక పెద్దాయనతోనే ఈ కుర్చీ గురించి అసలు పాఠం నేర్చుకున్నాను. మూడో అంతస్తు, ఆక్సిజన్ పెట్టాం, స్ట్రాపులన్నీ కట్టాం. మొదటి మెట్టు మీద కుర్చీ వాలగానే ఆయనకి పడిపోతున్నట్టు అనిపించి కుడి చేత్తో రెయిలింగ్ పట్టేసుకున్నాడు. పట్టు చూస్తే ఉడుంపట్టు. కుర్చీ ఒక పక్క ఆగిపోయి పక్కకి తిరిగింది. కింద ఉన్న మా డ్రైవర్ అన్న భుజం గోడకి ఆనించి ఆపాడు కాబట్టి సరిపోయింది. నేను పై హ్యాండిల్ వదలకుండా "నాన్నగారూ, నన్ను చూడండి, చెయ్యి వదలండి" అని ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

అప్పటి నుంచి పేషెంట్ చేతులు రెండూ ఛాతీ మీద పెట్టించి, పైనుంచి దుప్పటి చుట్టి, ఆ తర్వాతే స్ట్రాప్ బిగిస్తాను. కదలకముందే చెప్తాను: "ఇప్పుడు వెనక్కి వాలినట్టు ఉంటుంది, పడిపోరు, చేతులు బయటికి తీయకండి." ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పది సెకన్లు కూడా పట్టదు.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. గుండె ఆగిన మనిషికి కూర్చోబెట్టి సీపీఆర్ చేయలేం. వెన్నెముకకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా, స్పృహ లేక శ్వాసమార్గం మనమే చూసుకోవాల్సి వచ్చినా, బీపీ బాగా పడిపోయినా ఇది వద్దు. మెలికలు తిరిగే ఇరుకు మెట్ల మీద బెల్టులు సమంగా ఆనవు. పైకి ఎక్కించాలంటే మళ్లీ చేతులతో మోయాల్సిందే. మోటారు ఉన్నవి పైకి కూడా తీసుకెళ్తాయి గానీ వాటి బరువు వేరు. మాది 15 కిలోలే, ఒక్కదాన్నే మోసుకెళ్తాను.

తడి మెట్ల మీద మాత్రం దీన్ని నమ్మకండి. ఒకసారి వానకి తడిసిన మెట్ల మీద ఒక్కసారిగా ఒక మెట్టు జారింది. ఇప్పుడు తడి కనిపిస్తే మూడో మనిషిని పిలిచి, కింద వెనక్కి నడిచే వాళ్ల వీపు మీద చెయ్యి ఆనించి మెట్లు లెక్కపెట్టమంటాం. బెల్టు గట్టిగా తిరుగుతోందని ఎవరైనా నూనె రాస్తే ఆ బ్రేకు పోయినట్టే. ఆ పని అస్సలు చేయకండి.

నాకు అసంతృప్తి రెండు విషయాల్లో. ఏడాది తిరిగేసరికి పై హ్యాండిల్ లాక్ వదులైంది, క్లిక్ మన్నా పూర్తిగా పడేది కాదు. బాగుచేసి ఇచ్చే దాకా మూడు వారాలు కుర్చీ లేకుండా గడిపాం. ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే ప్రతి లాక్‌నీ లాగి చూస్తాను, చెవిని నమ్మను. రెండోది, దాంతో వచ్చిన గుడ్డ స్ట్రాపులు. రక్తం, వాంతి వాటిలో ఇంకిపోతాయి, ఎంత తుడిచినా వాసన పోదు. తుడిస్తే శుభ్రమయ్యే ప్లాస్టిక్ పూత స్ట్రాపులు అడిగి తెప్పించుకున్నాం. కొనేటప్పుడే అవి అడగండి.

ఇంకొకటి, కొనే ముందు షోరూమ్ నేల మీద తిప్పి చూసి సంతకం పెట్టొద్దు. నిజం మెట్ల మీద, నిజం మనిషిని కూర్చోబెట్టి, రోజూ మోసే వాళ్ల చేత దింపించి చూడండి. హ్యాండిల్ ఎత్తు పొట్టివాళ్లకి, పొడుగువాళ్లకి ఇద్దరికీ సరిపోవాలి. నేను ఐదడుగులే. మాకు చూపించిన ఇంకో మోడల్‌లో నా మోచేతులు భుజాల దాకా లేచాయి.

మా దగ్గర కొత్తగా చేరిన వాళ్లని కుర్చీ పట్టుకోనిచ్చే ముందు అందులో కూర్చోబెట్టి రెండు అంతస్తులు దింపుతాను. చేతులు కట్టుకోండి అని ముందే చెప్తాను. అయినా మొదటి మెట్టు దగ్గర దాదాపు అందరి చెయ్యీ రెయిలింగ్ వైపే పోతుంది.