పౌరసత్వ పరీక్షకు కార్డులా, ప్రశ్నోత్తరాలా?

అమెరికా పౌరసత్వ పరీక్షకు అమ్మ మొదట, ముందు ప్రశ్న, వెనక జవాబు ఉండే కార్డులతో చదివింది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారు చదవాల్సిన జాబితాలో మొత్తం 128 ప్రశ్నలు. అధికారి వాటిలో 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. కార్డు వెనక తెలుగు లిపిలో ‘ఫోర్ హండ్రెడ్ థర్టీ ఫైవ్’ అని రాసుకుని, పోపు వేస్తూ వల్లె వేసేది. ప్రతినిధుల సభ సభ్యుల సంఖ్య అలాగే నోటికి వచ్చింది. గవర్నరు, సెనేటర్ల పేర్లు మాత్రం ఎన్నికలతో మారతాయి. పాత కార్డులను నమ్మకూడదు.

రెండో దారి, ఎవరైనా అడుగుతుంటే పైకి జవాబు చెప్పడం. ఈ ప్రశ్నల భాగం మౌఖికం కనుక నా ఓటు దీనికే. అమ్మకు జవాబులన్నీ తెలుసు, కానీ నేను వేగంగా అడిగితే ప్రశ్నే అర్థమయ్యేది కాదు. ‘దయచేసి మళ్లీ అడగండి’ అనడం ఇంగ్లీషులో నేర్పాక ఆ బెదురు పోయింది. కార్డులు మొదటి రెండు వారాలకు చాలు. తర్వాత రోజూ పావుగంట ఎదురెదురుగా కూర్చోండి.