పదో తరగతి తర్వాత ఆరేళ్ళు: ఇంటరా, పాలిటెక్నికా, ట్రిపుల్ ఐటీయా?

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏటా సంక్రాంతి సెలవులు అయ్యాక పదో తరగతి పిల్లల చేత ఒక పేజీ రాయిస్తాను. ముప్పై ఏళ్ళ వయసుకి ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, ఏం పని చేస్తుంటారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అన్నదే విషయం. పోలీసు, నర్సు, సాఫ్ట్‌వేర్, టీచర్, ఆర్మీ అని చాలామంది రాస్తారు. నేను జాగ్రత్తగా చదివేది మాత్రం ఉద్యోగం పేరు తర్వాత వచ్చే వాక్యాలు. ‘నాన్న చేత ఆటో మాన్పించాలి’, ‘అమ్మ పేరు మీద ఇల్లు కట్టాలి’, ‘చెల్లిని నేనే చదివించాలి’. పదిహేనేళ్ళ పిల్లల ఆశల్లో ఇంటి బరువు అంతగా ఉంటుంది.

ఆ పేజీలు చదివిన కొద్దీ, పది తర్వాత ఏది మేలు అన్న ప్రశ్నకి నాకొక కొలత దొరికింది. చదువు సాఫీగా సాగితే ఏ దారైనా ఎక్కడికో అక్కడికి చేరుస్తుంది. మధ్యలో నాన్న మంచాన పడితే? పంట పోతే? పెళ్ళి చేసేస్తామని పెద్దలు పట్టుబడితే? అప్పుడు ఆ పిల్ల చేతిలో ఏం మిగులుతుంది? నేను దారుల్ని ఈ ప్రశ్నతోనే తూస్తాను.

ముందు ఒక లెక్క. ఇంజనీరింగ్ వైపు వెళ్ళే పిల్లలకి ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు చదివి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అక్కడ మూడేళ్ళు, మొత్తం మళ్ళీ ఆరే. ట్రిపుల్ ఐటీ అని మనం పిలిచే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయంలో ఇంటర్ లాంటి రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్, అదీ ఆరే. పాలిటెక్నిక్‌కి పంపితే ఏడాది వృథా అని చాలామంది తల్లిదండ్రులు అంటుంటారు. చేతివేళ్ళ మీద లెక్కేసి చూపిస్తే ఆశ్చర్యపోతారు.

ఇంటర్ సంగతి చూద్దాం. ఇది తలుపులు ఎక్కువ తెరిచి ఉంచే దారి. డాక్టర్ కావాలంటే బైపీసీ చదవాలి, నీట్ రాయాలి. సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్‌డీఏ, ఐదేళ్ళ లా కోర్సు, సీఏ ఫౌండేషన్, టీచర్ ట్రైనింగ్ డీఎడ్, వీటన్నిటికీ ఇంటర్ మెట్టు ఎక్కాల్సిందే. ఐఐటీ మీద గట్టి పట్టుదల ఉన్నవాళ్ళకీ ఎంపీసీయే సరైనది. ఏం కావాలో ఇంకా తేలని పిల్లలకి కూడా నేను ఇంటరే చెబుతాను. పదిహేనేళ్ళకే తేలాలని రూలేమీ లేదు. రెండేళ్ళు ఆలోచించుకునే వ్యవధి దొరకడం చిన్న విషయం కాదు.

అయితే ఇంటర్‌తో ఆగిపోతే చేతిలో ఉండేది మార్కుల మెమో ఒక్కటే. దాంతో కానిస్టేబుల్ పరీక్ష రాయొచ్చు, డిగ్రీలో చేరొచ్చు, షాపులో పనికి కుదరొచ్చు. ఫలానా పని వచ్చు అని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. వొకేషనల్ గ్రూపులు కొంత నయం, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన అమ్మాయిలు మండల కేంద్రంలోనే పని వెతుక్కోగలుగుతున్నారు. కానీ ఆ గ్రూపులని చిన్నచూపు చూసి చేర్పించేవాళ్ళు తక్కువ.

ఇంటర్ అనగానే మన ఊళ్ళల్లో ముందు గుర్తొచ్చేది పట్నంలో రెసిడెన్షియల్ కాలేజీ. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్ష దాటడం మామూలైపోయింది. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెడతారు, వారం వారం పరీక్ష, మార్కులని బట్టి సెక్షన్ మార్పు. ఆ పద్ధతిలో రాణించే పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ ఇంట్లో పొలం తాకట్టు పెట్టి ఆ ఫీజు కట్టారని తెలిసిన పిల్లకి ప్రతి వారం పరీక్షా తీర్పులా అనిపిస్తుంది. ఆ టెన్షన్‌లో నేర్చుకోగలిగినది కూడా రాదు. ఇంటర్ చదివించాలనుకుంటే ప్రభుత్వ జూనియర్ కాలేజీని లెక్కలోంచి తీసేయకండి. ఫీజు నామమాత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి అక్కడ మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. మార్కులు బాగా వచ్చేవాళ్ళకి ప్రవేశ పరీక్షతో సీట్లిచ్చే ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలు ఉన్నాయి. నాగార్జునసాగర్‌లాంటి చోట వాటికి ఎప్పటినుంచో మంచి పేరుంది.

ఇక పాలిటెక్నిక్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువగా అన్యాయం జరుగుతున్నది దీనికే. ‘ఇంటర్‌కి పనికిరాని వాళ్ళు వెళ్ళేది’ అన్న మాట ఊళ్ళో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలీసెట్‌లో అడిగేది పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీయే. 120 ప్రశ్నలు, 120 మార్కులు, తప్పు రాస్తే మార్కు కోయరు. బడిలో చెప్పినది శ్రద్ధగా చదివితే కోచింగ్ అక్కర్లేదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి 5 వేల లోపే, అర్హత ఉన్నవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వర్తిస్తుంది.

అక్కడ చదువు చేతులతో మొదలవుతుంది. ఫిట్టింగ్ షాపులో తొలి రోజుల్లో చిన్న ఇనప పలకని బెంచి వైజులో బిగించి అంచుల్ని ఆకురాయితో రుద్దమంటారు. రుద్దాక లంబకోణం సరిచూసే మూలమట్టం ఆనించి, వెలుతురుకేసి ఎత్తిపట్టి చూడాలి. రెండింటి మధ్య నుంచి సన్నని వెలుగు గీత కనిపిస్తే అంచు ఇంకా తిన్నగా రానట్టు. మళ్ళీ వైజు, మళ్ళీ ఆకురాయి. మా బడిలో లెక్కల పీరియడ్ అంటే తల వంచుకుని కూర్చునే ఒక అబ్బాయి, దసరా సెలవులకి వచ్చినప్పుడు ఈ పని గురించి నాకు ఆగకుండా చెప్పాడు, అరచేతిలో బొబ్బలు చూపిస్తూ. లంబకోణం వాడికి చేత్తో అర్థమైంది. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పుస్తకంతో కన్నా పనితో వాళ్ళ బుర్ర బాగా పనిచేస్తుంది. వాళ్ళని ఎంపీసీ బెంచీల మీద కూర్చోబెట్టి రెండేళ్ళలో ‘నువ్వు మొద్దువి’ అని నమ్మించి పంపడం చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

డిప్లొమాలో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది. ఫ్యాక్టరీలోనో సబ్‌స్టేషన్‌లోనో నిర్మాణం జరిగే చోటో పని దగ్గరుండి చూస్తారు. పద్దెనిమిది పందొమ్మిదేళ్ళకి చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇక్కడే నా కొలత పనికొస్తుంది. ఆ రోజున చదువు ఆగినా రైల్వే జూనియర్ ఇంజనీర్ పరీక్ష, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) జూనియర్ ఇంజనీర్ పరీక్ష, ఫస్ట్ క్లాసు ఉంటే ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ నోటిఫికేషన్లు, కంపెనీల్లో అప్రెంటిస్‌షిప్, ఇవన్నీ అందుబాటులో ఉంటాయి. ఇల్లు కుదుటపడ్డాక ఈసెట్ రాసుకోవచ్చు. మూడు దారుల్లో ఈ సౌలభ్యం ఇంత గట్టిగా ఉన్నది దీనికే.

లోపాలు కూడా చెప్పాలి. డిప్లొమా చదువంతా ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలకి మొదటి ఆరు నెలలు చుక్కలు కనిపిస్తాయి, సబ్జెక్టులు తప్పి బ్యాక్‌లాగులు పడేది అక్కడే. ఎవరైనా పక్కనుండి ఆ కొద్ది నెలలు ధైర్యం చెబితే గట్టెక్కుతారు. రెండోది, ఈసెట్ ద్వారా వచ్చే సీట్లు. బీటెక్‌లో ఇలా నేరుగా రెండో ఏడాదిలో చేరడానికి (లేటరల్ ఎంట్రీ) పది శాతం అదనపు సీట్లు ఇస్తారు, అంటే 60 మంది సెక్షన్‌కి ఆరు. మిగతావి మొదటి ఏడాదిలో ఖాళీగా మిగిలితేనే. ఖాళీలు మంచి కాలేజీల్లో తక్కువే కాబట్టి ర్యాంకు గట్టిగా రావాలి. పరీక్ష 200 మార్కులకి ఉంటుంది, అందులో సగం మీ బ్రాంచి సబ్జెక్టులే. పోటీ కూడా మీ బ్రాంచి వాళ్ళతోనే. ఇది మేలైన విషయం.

మూడోది బ్రాంచి ఎంపిక. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో కూడా అందరూ కంప్యూటర్స్ కావాలంటున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు బీటెక్ అడుగుతాయి కాబట్టి కంప్యూటర్స్ డిప్లొమాతో ఆగితే అవకాశాలు సన్నం. మధ్యలో ఆగాల్సి వస్తుందేమో అన్న భయం ఉన్న ఇంటి పిల్లలు ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ వైపు చూడటం మంచిదని నా గట్టి అభిప్రాయం. బీటెక్ దాకా చదివి తీరతామన్న భరోసా ఉంటే కంప్యూటర్స్ తీసుకోండి.

ట్రిపుల్ ఐటీలు 2008లో పుట్టాయి. ఇప్పుడు తెలంగాణలో బాసర, మహబూబ్‌నగర్, ఆంధ్రలో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకి అదనపు స్కోరు కలుపుతారు. పల్లెటూరి పిల్లలకి ఇంత సూటిగా ఇంజనీరింగ్ చదువు అందించే ఏర్పాటు ఇంకోటి లేదు. సీటొస్తే వెళ్ళమనే చెబుతాను. మా మండలం నుంచి వెళ్ళిన అమ్మాయిలు ఇంట్లో మొదటి ఇంజనీర్లయ్యారు. ఆరేళ్ళూ ఒకే చోట ఉండటం వల్ల మధ్యలో ఎంసెట్ గండం లేదు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం గానీ ఊళ్ళో అందరి నోటా ఎంసెటే.

కానీ రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. అక్కడ పీయూసీ మార్కులని బట్టే బీటెక్‌లో బ్రాంచి వస్తుంది. మొదటి రెండేళ్ళు తేలిగ్గా తీసుకుంటే కోరుకున్నది దొరకదు. మరొకటి వసతులు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానలో కూర్చుని రోజుల తరబడి ఆందోళన చేశారు, భోజనం, వసతులు, పూర్తిస్థాయి వైస్ ఛాన్సలర్ కోసం. వెళ్ళే ముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లలతో మాట్లాడి పరిస్థితి కనుక్కోవడం తల్లిదండ్రుల బాధ్యత. మధ్యలో ఆగితే ఏం మిగులుతుందంటే, పీయూసీ ఇంటర్‌తో సమానం. బీటెక్ సగంలో ఆగితే మళ్ళీ అదే మిగులుతుంది. డాక్టర్ కావాలని మనసులో ఉన్న పిల్లని, సీటొచ్చింది కదా అని ఇక్కడికి తోయడం తప్పు.

ఐటీఐ గురించి రెండు మాటలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు, వెల్డర్ ఏడాది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ లాంటి ఉద్యోగాలకి ఇది అర్హత. వెంటనే సంపాదన మొదలవ్వాల్సిన ఇంటికి ఇదే మేలు. ఆ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలు కూడా ఉంది.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. ఇంటర్ అయ్యాక డిగ్రీకి బస్సులో పంపడం ఎందుకని ఆపేసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. పద్దెనిమిది నిండే సరికి సంబంధాలు చూస్తారు. ఆ సమయానికి చేతిలో డిప్లొమా ఉన్న అమ్మాయికీ ఇంటర్ మెమో ఉన్న అమ్మాయికీ ఇంట్లో మాట చెల్లుబాటు వేరుగా ఉంటుంది. ‘ఉద్యోగం చూసుకుంటాను, రెండేళ్ళు ఆగండి’ అని డిప్లొమా అమ్మాయి అనగలదు. మహిళా పాలిటెక్నిక్‌లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దూరం అని భయపడే అమ్మానాన్నలు ఒకసారి వెళ్ళి కాలేజీ, హాస్టల్ చూసి రండి. చూసొచ్చాక మనసు మార్చుకున్న నాన్నలు మా ఊళ్ళోనే ఉన్నారు.

ఇప్పుడు ఎవరికి ఏది? డాక్టర్, లాయర్, సీఏ, ఐఐటీ అని స్పష్టంగా ఉన్నా, ఏదీ తేలకున్నా ఇంటర్, వీలైతే ప్రభుత్వ కాలేజీలో. మంచి మార్కులు, ఇంజనీరింగ్ మీద ఇష్టం, ఇల్లు వదిలి ఉండగల ధైర్యం ఉంటే ట్రిపుల్ ఐటీ. పని చేస్తూ నేర్చుకునే పిల్లకి, ఎప్పుడు ఏమవుతుందో తెలియని ఇంటి పిల్లకి ప్రభుత్వ పాలిటెక్నిక్. ఆటో మాన్పించాలని, చెల్లిని చదివించాలని రాసే పిల్లల్లో ఎక్కువమందికి నేను చెప్పేది ఈ మూడోదే.

జనవరి నుంచే ప్రైవేటు కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించే పీఆర్‌ఓలు ఇంటికొస్తారు. ఇప్పుడు అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గింపు అంటారు. కట్టాక సీటు వద్దంటే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. పాలీసెట్ ర్యాంకు, ట్రిపుల్ ఐటీ జాబితా చూశాకే పైసా తీయండి. పాలీసెట్‌కి దరఖాస్తు చేయడానికి పెద్దగా ఖర్చు లేదు, పరీక్షకి ఒక పూట చాలు, ఇంటర్‌లో చేర్చాలనుకున్నా సరే రాయించండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలోనో సచివాలయంలోనో ఏప్రిల్‌లోనే తీసుకోండి. నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో బడి మారిన పిల్లలైతే పాత బడికి వెళ్ళి వేసవి సెలవులు మొదలవకముందే తెచ్చుకోవాలి, సెలవుల్లో సంతకం పెట్టడానికి హెడ్‌మాస్టరు దొరక్కపోవచ్చు.