చవక బ్లూటూత్ బ్యాండు: చెరువు గట్ల మీద వాడి, లోపల విప్పి చూశాక

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ల చేతికి ఈ చవక బ్యాండ్లు మామూలైపోయాయి. తడి చేత్తో ఫోను తియ్యకుండానే టైము, ఫోన్ చేస్తున్నవాళ్ల పేరు కనిపిస్తాయి. ఆ రెండు పనులకీ బ్యాండు భేషుగ్గా సరిపోతుంది. లోపలి బోర్డు కూడా గట్టిదే. మన దగ్గర ఇది పాడయ్యేది ఎక్కువగా ఛార్జింగు పిన్నుల దగ్గరే.

వెనక రెండు పిన్నులు ఉంటాయి. చెమటో చెరువు నీళ్లో తుడవకుండా ఛార్జింగు పెడితే ఆ ఉప్పు తడిలోంచి ప్లస్ నుంచి మైనస్‌కి కరెంటు పారుతుంది. ప్లస్ పిన్ను పైపూతలో ఉండే సన్నటి రంధ్రాల్లోంచి కిందున్న నికెల్, రాగి కరగడం మొదలవుతుంది. ముందు మెరుపు తగ్గుతుంది, తర్వాత అంచున నల్లటి చుక్క పడుతుంది, ఆపైన పచ్చటి చిలుము పడుతుంది. పక్కనే ఉన్న మైనస్ పిన్ను మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఈ తేడా కనబడితే కారణం తడే. మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాకే ఛార్జర్ తగిలించాలి. చిలుము పడితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. బ్లేడుతో గీకితే మిగిలిన పూతా పోతుంది.

విప్పాలంటే ముందు పట్టీలు తీసెయ్యండి. స్క్రీను అంచుల్ని హెయిర్ డ్రయ్యర్‌తో విడతలవారీగా, చెయ్యి ఓర్చుకునేంత వరకే వేడి చెయ్యాలి. కింద లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంది, అంతకు మించి వేడి పనికిరాదు. పల్చటి ప్లాస్టిక్ కార్డు 2 మిల్లీమీటర్ల కంటే లోపలికి తొయ్యకండి. ఒక పక్కన స్క్రీనుని బోర్డుకి కలిపే పల్చటి ఫ్లెక్స్ రిబ్బన్ ఉంటుంది, అది తెగితే బ్యాండు పనైపోయినట్టే.

నా బ్యాండులో ఉన్న చిప్ మీద ఎన్52832 అని ఉంది. అంటే నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832: 64 మెగాహెర్ట్జ్ కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్, 512 కేబీ ఫ్లాష్, 64 కేబీ ర్యామ్. ఈ ధరకి ఇది చాలా మంచి చిప్. అదే పేరుతో, అదే డబ్బాలో వేరే చిప్ వేసి అమ్మే బ్యాండ్లూ ఉన్నాయి కాబట్టి డబ్బా చూసి నమ్మకండి. చిప్ పక్కన 32 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, గడియారం కోసం 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, కదలికని పసిగట్టే యాక్సెలరోమీటర్, బ్యాటరీని ఛార్జ్ చేసే ఐదు కాళ్ల 4054 రకం ఐసీ (చిన్న చిప్) ఉన్నాయి. అడుగుల లెక్క మణికట్టు ఊపుని బట్టే. మేత చల్లితే అడుగులు పెరుగుతాయి, రెండు చేతులతో బస్తా పట్టుకుని నడిస్తే తగ్గుతాయి.

వెనక భాగంలో చర్మానికి తగిలే సెన్సరులో ఉన్నది ఆకుపచ్చ ఎల్‌ఈడీ, తిరిగొచ్చే కాంతిని పట్టే ఫొటోడయోడు, అంతే. నాడి కొలవడానికి అవి చాలు. రక్తంలో ఆక్సిజన్ కొలవాలంటే ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతులు రెండూ కావాలి, అవి ఇందులో లేవు. అయినా యాప్‌లో ఆక్సిజన్ అంకె, బీపీ అంకె వస్తూనే ఉంటాయి. కొబ్బరి బొండానికి కట్టినా బీపీ చూపించింది. ఇంట్లో పెద్దవాళ్లు ఆ అంకె చూసి మాత్ర మానేసే ప్రమాదం ఉంది, అందుకే యాప్‌లో ఆ పేజీని కనబడకుండా చేసి ఇవ్వడం మంచిది. బీపీకి మోచేతి పైన కట్టే పట్టీ మిషనే కొనండి.

సొంత ఫర్మ్‌వేర్ (బ్యాండుని నడిపే లోపలి ప్రోగ్రాము) ఎక్కించాలనుకునేవాళ్లకి బోర్డు మీద అందుకు తీగలు కలిపే ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే, 3.3 వోల్టులు, గ్రౌండ్ ప్యాడ్లు దొరుకుతాయి. లోపలి ప్రోగ్రాముని బయటివాళ్లు ముట్టుకోకుండా చిప్‌కి తాళం వేసి ఉంటే, చిప్‌ని కంప్యూటరుకి కలిపే మామూలు చవక ఎస్‌టీ-లింక్ పరికరంతో అది తెరుచుకోదు. సీఎంఎసిస్-డ్యాప్ రకం ప్రోబ్ (అలాంటి పనికే వాడే ఇంకో పరికరం) కావాలి. డీబగ్ ప్రోబ్ ఫర్మ్‌వేర్ వేసిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు సరిపోతుంది. తాళం తీస్తే పాత ఫర్మ్‌వేర్ మొత్తం చెరిగిపోతుంది, కంపెనీ యాప్ ఇక కలవదు. అది ఒప్పుకున్నాకే మొదలెట్టండి.

బ్యాటరీ ఉబ్బితే స్క్రీను ఒక మూల లేస్తుంది. అలా కనబడిన రోజే ఛార్జింగు ఆపెయ్యాలి. కొత్తది కొనేటప్పుడు కొలత చూడండి: 401525 అంటే మందం 4.0, వెడల్పు 15, పొడవు 25 మిల్లీమీటర్లు. ప్రొటెక్షన్ బోర్డు (అతి ఛార్జింగు, షార్టు నుంచి బ్యాటరీని కాపాడేది) ఉన్నదే తీసుకోవాలి. 4054 ఐసీ ఇచ్చే కరెంటు దాని ప్రోగ్రామ్ కాలికున్న రెసిస్టర్‌ని బట్టి ఉంటుంది. 10 కిలో ఓములైతే 100 మిల్లీ ఆంపియర్లు. అక్కడ 60 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ పెడితే వేడెక్కి తొందరగా పోతుంది. పాత తీగలు ఊడదీసేటప్పుడు ముందు మైనస్ తియ్యండి, రెండు కొసలూ తగలనివ్వకండి.

మళ్లీ మూసేటప్పుడు ముసురు పట్టిన రోజు వద్దు, ఆ తేమంతా లోపలే ఉండిపోయి స్క్రీను మసకబారుతుంది. సిలికా జెల్ డబ్బాలో ఒక రాత్రి ఉంచి, బి-7000 జిగురు సన్నగా చుట్టూ పూసి, రబ్బరు బ్యాండు వేసి 24 నుంచి 48 గంటలు కదపకండి. డబ్బా మీద ఐపీ67 అని ఉన్నా దాని అర్థం ఒక మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు అనే. ఉప్పుటేరు నీళ్లకి, అంతర్వేది సముద్రానికి ఆ హామీ మొదట్నుంచీ వర్తించదు. ఒకసారి విప్పాక మంచినీళ్లకీ వర్తించదు, చెరువులో దిగేటప్పుడు తీసి గట్టు మీద పెట్టాల్సిందే.